స్టిక్కర్ హై క్యా సాబ్?

విశ్వవిద్యాలయంలో ఎవరు ఎంతటివారో తెలుసుకోవాలంటే వాళ్లు రాసిన పుస్తకాలు చదవనక్కర్లేదు. బండి ఎక్కడ ఆపుతారో చూస్తే చాలు. చెట్టు నీడన, మెట్లకు దగ్గరగా, గోడ మీద రంగుతో హోదా రాసిపెట్టిన చోట ఆగేది పెద్దవారి కారు. ఎండలో, క్యాంటీన్ వెనకాల, విరిగిన బెంచీల కుప్ప పక్కన ఆగేది గెస్ట్ లెక్చరర్ స్కూటరు. ఇద్దరూ ఒకే సెమినార్‌లో సమానత్వం మీద మాట్లాడతారు. మాట్లాడి బయటికొచ్చాక ఒకరు నీడలోని కారెక్కుతారు, ఇంకొకరు కాలిన సీటు మీద రుమాలు పరుస్తారు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి 1958 నుంచి 1967 దాకా అధ్యక్షుడుగా ఉన్న క్లార్క్ కెర్, ఆచార్యులందరినీ కలిపి ఉంచేది విద్య కాదనీ, పార్కింగ్ మీద వాళ్లకున్న ఉమ్మడి ఫిర్యాదేననీ చమత్కరించాడు. ఆ విశ్వవిద్యాలయానికే చెందిన బర్క్‌లీ ప్రాంగణంలో నోబెల్ బహుమతి వచ్చిన ఆచార్యుడికి కారు ఆపుకోవడానికి ప్రత్యేకంగా చోటిస్తారు. అక్కడ ‘ఎన్ఎల్’ అని బోర్డు ఉంటుంది. 1980లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న పోలిష్ కవి చెస్వాఫ్ మీవోష్ దగ్గర ఈ ఆనవాయితీ మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. జీవితమంతా కవిత్వం రాస్తే కడకు దక్కింది పన్నెండున్నర చదరపు మీటర్ల నేల! నవ్వకండి. మన కవులకు అదీ లేదు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకైతే పార్కింగ్ పర్మిట్ అంటే మొదటి సెమిస్టర్‌లోనే అర్థమయ్యే వర్ణవ్యవస్థ. తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండే టెక్సస్ విశ్వవిద్యాలయం డాలస్ ప్రాంగణంలో పర్మిట్లకు రంగులున్నాయి. అన్నిటికన్నా చవక ఆకుపచ్చ, దాని మీద బంగారం, ఆ పైన నారింజ, ఆ పైన ఊదా. డబ్బు పెరిగేకొద్దీ క్లాసు గది దగ్గరవుతుంది. ఆకుపచ్చ వాడు అర మైలు నడిచి, చెమటతో క్లాసులోకి వస్తాడు. పోనీ పర్మిట్ కొన్నాడు కదా, చోటు ఖాయమా అంటే కాదు. అక్కడి క్యాంపస్‌లలో పాత జోకు ఒకటుంది: పర్మిట్ అంటే వేటకు లైసెన్సు, జింక దొరుకుతుందన్న హామీ కాదు. జరిమానా కట్టకపోతే చాలా విశ్వవిద్యాలయాల్లో తరువాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఆ భయంతోనే, వచ్చిన కొత్తలో మన పిల్లలు బుద్ధిగా బస్సెక్కుతారు. నలుగురు కలిసి పాత కారు కొన్నాక ఆ బుద్ధి పోతుంది.

మన విశ్వవిద్యాలయాల్లో రంగులు లేవు గానీ స్టిక్కర్ ఉంది. ఒకసారి ఓ విశ్వవిద్యాలయానికి (పేరు వద్దు) ప్రసంగానికి పిలిస్తే స్కూటర్ మీద వెళ్లాను. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న పెద్దాయన ఆపాడు. “స్టిక్కర్ హై క్యా సాబ్?” లేదన్నాను. ఆఫీసులో ఇస్తారు, వెళ్లి తెచ్చుకోమన్నాడు. ఆఫీసు ఎక్కడన్నాను. లోపల అన్నాడు. మరి లోపలికి పోనివ్వమన్నాను. స్టిక్కర్ లేకుండా ఎట్లా పోనిస్తారు సాబ్ అన్నాడు. ఈ సంభాషణ నడుస్తుండగానే అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించిన కారొకటి హారన్ కొట్టింది. పెద్దాయన నన్ను వదిలి పరుగున వెళ్లి సలాం చేసి గేటు తీశాడు. దానికి స్టిక్కర్ ఉందో లేదో నల్ల అద్దంలోంచి ఆయనకు మాత్రం ఎలా కనిపిస్తుంది? పాపం, ఆయన తప్పేం లేదు. పెద్ద కారును ఆపితే ఉద్యోగం పోవచ్చు, స్కూటర్‌ను ఆపితే ఏమీ పోదు. ఏ నియమమైనా గేటు దాకా వచ్చేసరికి నెలజీతగాడి భయంగా మారుతుంది.

ఉస్మానియాది వేరే కథ. 1918లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం వచ్చింది. మెట్లు, కమాను, ముందు విశాలమైన ఖాళీ, అన్నీ దూరం నుంచి నడిచి వచ్చేవాడి కంటికి తగ్గట్టు కట్టినవి. ఇవాళ క్యాంపస్ రోడ్ల మీద సగం నగరం నడుస్తుంది. తార్నాకకు పోయేవాళ్లకూ విద్యానగర్‌కు పోయేవాళ్లకూ క్యాంపస్ ఒక అడ్డదారి. అక్కడ పర్మిట్ పెట్టాలా, గేట్లు మూయాలా అన్న మాట ఎప్పుడు లేచినా రెండు పక్షాలు తయారవుతాయి. నా మటుకు నాకు గేట్లు మూయడం నచ్చదు. జనం డబ్బుతో నడిచే చదువుల నేలను జనానికి పరాయి చేస్తే ఆ నేలే చిన్నదవుతుంది. అయితే అడ్డదారి అనుకుని లైబ్రరీ ముందు హారన్ కొట్టుకుంటూ పోయేవాణ్ని చూసినప్పుడు నా ఉదారత కాస్త సడలుతుందని కూడా చెప్పాలి.

ఇక మా హుస్సేనీ ఆలం. చార్మినార్ నుంచి లాడ్ బజార్ గుండా, మహబూబ్ చౌక్ గడియారస్తంభం దాటుకుంటూ, ఖిల్వత్ పక్కగా వస్తే వచ్చే పేట. కుతుబ్‌షాహీల నాటి ఆషుర్‌ఖానాలో నిలిపే పీరు వల్ల ఆ పేరొచ్చింది. మా పేట కూడా చదువులకు పేదది కాదు. షిబ్లీగంజ్‌లో 1870లలో మొదలైన జామియా నిజామియా ఉంది. ఖుర్షీద్ జా దేవిడీ ఆవరణలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది. ఖుర్షీద్ జా పాయెగా నవాబుల్లో ఒకరు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన వికారుల్ ఉమ్రా కూడా ఆ పాయెగాలలోని వాడే. దేవిడీకి ఎత్తయిన యూరోపియన్ స్తంభాలు, ముందు ఒకప్పటి తోట. తోట ఎండిపోయి మైదానమైంది, మైదానంలో పేట పిల్లల క్రికెట్. భవనం చాలా ఏళ్లు శిథిలమవుతూ ఉండిపోయి, ఈ మధ్యే మరమ్మతులకు నోచుకుంది.

నవాబుల కాలంలో పార్కింగ్ సమస్య లేదనుకుంటాం. ఉండేది. కాకపోతే దాన్ని హోదాతోనే తేల్చేశారు. బగ్గీ ఉన్నవాడికి లోపల బగ్గీఖానా, లేనివాడికి గేటు బయట చెప్పులు విడిచే చోటు. పక్కనే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే ఆ కాలపు బగ్గీలను, 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను ఇప్పటికీ చూడొచ్చు. ఆ కారు తిరిగినదానికన్నా నిలబడిందే ఎక్కువ. నగరంలో అందరికన్నా దర్జా పార్కింగ్ దానిదే. దానికి స్టిక్కర్ అక్కర్లేదు, పైగా దాన్ని చూడ్డానికి మనం టికెట్ కొనాలి.

ఇప్పుడు కాస్త లెక్క. నగర ప్రణాళికలు వేసేవాళ్లు ఆరుబయట ఒక కారుకు 23 చదరపు మీటర్లు లెక్కగడతారు, తిరగడానికి కావలసిన దారితో సహా. మా భాషలో అది 27 గజాల పైచిలుకు. పాతబస్తీలో 27 గజాలంటే మాటలా? యాభై గజాల్లో రెండంతస్తులు లేపి మూడు తరాలు కాపురం చేస్తున్న ఇళ్లు మా గల్లీలో వరసగా ఉన్నాయి. ఒక అన్నదమ్ముల పంపకం ఏడు గజాల దగ్గర తెగక కోర్టుకెక్కింది. అలాంటి చోట ఒక కారు, నిద్రపోవడానికి మాత్రమే, సగం ఇల్లంత నేల అడుగుతుంది. పైగా పగలంతా నిద్రే. కాలేజీలో తొమ్మిదింటికి ఆగిన కారు నాలుగింటి దాకా కదలదు.

ఇదే లెక్క మహిళా కాలేజీ ఆవరణకు పెట్టి చూడండి. ఆడవాళ్ల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడుగు, 8 మీటర్ల వెడల్పు, అంటే 96 చదరపు మీటర్లు. నాలుగు కార్లు నిలిస్తే ఒక కబడ్డీ కోర్టు పోయినట్టే. ఈ పేటలో మగపిల్లలకు మైదానం దొరుకుతుంది, లేదంటే గల్లీ అయినా దొరుకుతుంది. అమ్మాయిలు నలుగురి కళ్లు పడకుండా పరుగెత్తగలిగిన ఖాళీ కాలేజీ గోడ లోపల తప్ప మరెక్కడుంది? ఆ ఖాళీకి తెల్లగీతలు గీసేముందు అవి కబడ్డీ గీతలా, కారు గీతలా అని అడగాలి.

అసలు ఈ అమ్మాయిల్లో ఎందరికి బండ్లున్నాయి? దగ్గరివాళ్లు నడిచొస్తారు, దూరంవాళ్లు షేర్ ఆటోల్లోనో బస్సులోనో వస్తారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ టికెట్ ఖర్చు లేకపోవడంతో బస్సు మీద ఇంకాస్త ఆశ పెరిగింది. మెట్రో ఇంకా రాలేదు. పాతబస్తీ వైపు రావలసిన లైను మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా 2020 ఫిబ్రవరిలో వచ్చి అక్కడే ఆగింది. ఫలక్‌నుమా దాకా పొడిగించడానికి 2024 మార్చి 8న పునాదిరాయి వేశారు. అది వచ్చినా పేట పక్కనుంచే పోతుంది. కాలేజీ దాకా మిగిలిన దూరం కాళ్లదే.

బండి ఉన్నవాడికి చోటు ఉచితంగా ఇస్తే దాని ఖర్చు బండి లేనివాడి నెత్తిన పడుతుందని డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు జీవితమంతా వాదించాడు. లాస్ ఏంజలెస్‌లో పాఠాలు చెప్పిన ఆయన 2005లో ఈ ఒక్క విషయం మీదే లావుపాటి గ్రంథం అచ్చేశాడు. 2025లో పోయాడు. హుస్సేనీ ఆలం వచ్చి ఉంటే ఇంకో సంపుటం రాసేవాడు. ఎందుకంటే మా దగ్గర చెల్లింపు రూపాయల్లో ఉండదు. ఇంటి ముందు ఒక ఇటుక, ఒక పాత టైరు, లేదా అరిగిన కుర్చీ పెడితే ఆ చోటు వాళ్లదని అర్థం. చట్టం ఒప్పుకోదు, గల్లీ ఒప్పుకుంటుంది. దుకాణం ముందు బండి పెడితే “పాంచ్ మినట్ మే ఆతూఁ భాయ్” అని చెప్పి వెళ్లాలి. రావడానికి గంట పట్టినా పరవాలేదు, చెప్పకుండా వెళ్లడమే నేరం. అన్నిటికన్నా ముఖ్యమైనది, హ్యాండిల్ లాక్ వెయ్యకూడదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి పోతే, మీ బండిని ఎవరో రెండడుగులు ముందుకు జరుపుతారు, ఇంకెవరో పక్కకు తిప్పుతారు. మీరొచ్చేసరికి అది వేరే చోట, క్షేమంగా ఉంటుంది. హ్యాండిల్ లాక్ వేసినవాణ్ని మాత్రం పేట క్షమించదు. ఇంత మంచి పార్కింగ్ నియమం నాకు ఏ విశ్వవిద్యాలయపు నిబంధనావళిలోనూ కనిపించలేదు.

అలాగని గల్లీ పద్ధతిని నెత్తిన పెట్టుకోను. ఆ ఇటుక బలవంతుడి ఇంటి ముందు కాస్త ముందుకు జరుగుతూ ఉంటుంది. అంబులెన్స్ వచ్చినప్పుడు పది బండ్లు చేతులతో జరపాల్సి రావడం నేను చూశాను. రంజాన్ చివరి శుక్రవారం మక్కా మసీదు నమాజుకు జనం వచ్చినప్పుడు ట్రాఫిక్ పోలీసులు ముందురోజే ప్రకటన ఇస్తారు: ఈ దారులు బంద్, బండ్లు ఖిల్వత్ మైదానంలో, యునానీ ఆసుపత్రి ఆవరణలో, సర్దార్ మహల్ దగ్గర నిలపాలి అని. ఆ ఒక్కరోజు ఆసుపత్రి, రాజమహలు కూడా ఊరి పార్కింగ్ అవుతాయి. అందరికీ ఒకటే నియమం, స్టిక్కర్ ఎవరికీ లేదు. ఆ రోజు గొడవ తక్కువే.

సర్కారు నియమాలు చేయలేదా అంటే చేసింది. 2018లో తెచ్చిన జీవో 63 ప్రకారం మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్‌కు డబ్బు తీసుకోకూడదు, గంటలోపయితే ఏదో ఒక బిల్లు చూపిస్తే చాలు. కొనేవాడి హక్కు గురించి అంత శ్రద్ధ. కాలేజీ గేటు లోపల చదివేవాడి హక్కు గురించి అలాంటి కాగితం ఏదీ నా కంటపడలేదు. ఇక చలాన్లంటారా, 2023 డిసెంబరులో పెండింగ్ చలాన్ల మీద ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం రాయితీ ఇచ్చారు. పండగ సేల్ వచ్చేదాకా ఆగితే జరిమానా కూడా చవకవుతుందని జనం నేర్చుకున్నారు.

కాలేజీ ప్రాంగణానికి నేను కోరే నియమం పెద్దదేమీ కాదు. ముందు నడిచొచ్చేవాళ్ల దారి, తరవాత అంబులెన్సూ అగ్నిమాపక శకటమూ తిరగగలిగిన దారి. గుమ్మానికి అన్నిటికన్నా దగ్గరి చోటు కాలు సరిగా ఆడనివాళ్లది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అలాంటి సదుపాయాలనే అడుగుతోంది. తరవాత సైకిళ్లు, స్కూటర్లు, ఎందుకంటే ఒక కారు గడిలో అయిదారు పడతాయి. కార్లు చివర, మిగిలితే. కారు ఆపుకునేవారు గంటకింత కట్టాలి, ప్రిన్సిపల్ అయినా అటెండర్ అయినా ఒకటే రేటు, ఆ డబ్బు షేర్ ఆటో స్టాండు నీడకో బస్సు షెల్టరుకో పోవాలి. ఇది విని ఒక ఆచార్య మిత్రుడు, “అయితే నేను నడిచి రావాలా?” అన్నాడు. ఆయన ఇల్లు క్వార్టర్స్‌లోనే.

ఈసారి మీ ఊరి కాలేజీకి వెళ్లినప్పుడు మెట్ల పక్కన, నీడలో, రంగుతో గీసిన గడిలో ఏ హోదా రాసి ఉందో చూడండి. అక్కడ చక్రాల కుర్చీ బొమ్మ లేకపోతే, ఆ గడి ఎవరిదని ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. స్టిక్కర్ లేదని ఆపితే గేటు దగ్గరే కాగితం ఇచ్చి రండి.