బైత్‌బాజీలో నా జాగా



పిల్లలు యూనివర్సిటీలో చేరగానే మన ఇళ్లలో మొదట వినపడే నసీహత్ ఒకటుంది. "చదువు చూసుకో బేటా, ఆ క్లబ్బులూ గిబ్బులూ మనకొద్దు." పైసాపైసా కూడబెట్టి ఫీజు కట్టే తల్లిదండ్రుల ఫికర్ నాకు తెలుసు. కానీ హైదరాబాద్‌లో పీజీ చదివిన రెండేళ్లలో క్లాసురూము ఎంత నేర్పిందో, మా బజ్మె అదబ్ కూడా అంతే నేర్పింది. బజ్మ్ అంటే మెహఫిల్. అదబ్ అంటే సాహిత్యం, మర్యాద కూడా.

మాది గుంటూరు వైపు నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో తెలుగే. అమ్మను అమ్మా అనే పిలుస్తాం. "తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా" అనే సామెత వింటూ పెరిగినవాణ్ణి. హాస్టల్లోనూ కొందరు నవ్వుతూనే అడిగేవాళ్లు, "ముసల్మాన్‌వి అయ్యుండి ఉర్దూ రాదా?" అని. నవ్వుతూ అడిగినా ఆ మాట గుచ్చుకునేది. అయినా బజ్మ్ వైపు నడిచానంటే గాలిబ్ కోసమే. గాలిబ్‌ని నేను మొదట చదివింది తెలుగులో. దాశరథి చేసిన 'గాలిబు గీతాలు', బాపు బొమ్మలతో. తెలుగులోనే ఇంత బాగుంటే అసలు ఎలా ఉంటుందో వినాలనిపించింది.

ఆ ఏడాది యూనివర్సిటీల మధ్య బైత్‌బాజీ ముకాబిలా పడింది. తెలియని వాళ్లకు చెప్తాను. ఇది మన అంత్యాక్షరి లాంటిదే. పాటకు బదులు షేర్ చదవాలి. ఒక టీమ్ చదివిన షేర్ ఏ హర్ఫ్‌తో ముగిస్తే, రెండో టీమ్ ఆ హర్ఫ్‌తో మొదలయ్యే షేర్ అందుకోవాలి. ఒకసారి చదివింది మళ్లీ చదవకూడదు. మిస్రాలో మాట తప్పితే, తలఫ్ఫుజ్ చెడితే మార్కులు పోతాయి. షీన్, ఖాఫ్ సరిగ్గా పలకని నాకు స్టేజీ మీద జాగా లేదు. "భాయ్, డబ్బా నువ్వు చూసుకో" అన్నాడు మా సీనియర్.

డబ్బా అంటే చెప్పుల అట్టపెట్టె. అందులో హర్ఫ్ వారీగా షేర్ల చిట్టీలు. చిన్నప్పుడు మసీదులో నాజిరా చదివాను కాబట్టి అరబీ అక్షరాలు వచ్చు. పే, చే, గాఫ్ లాంటివి, అరబీలో లేనివి, కొత్తగా నేర్చుకున్నాను. రోజూ ఇషా తర్వాత కూర్చుని చిట్టీలు రాసేవాణ్ణి. రాస్తూ రాస్తూ ఉంటే ఆటలోని కిటుకు తెలిసింది. ఉర్దూ షేర్లు చాలావరకు 'హై', 'మే', 'నహీ' లాంటి మాటలతో ముగుస్తాయి. అందుకని 'యే', 'నూన్' హర్ఫులు మాటిమాటికీ వచ్చిపడతాయి. వాటితో మొదలయ్యే షేర్లు ఎన్ని ఉన్నా చాలవు. అవతలి టీమ్‌ని ఇరుకున పెట్టాలంటే 'టే' లాంటి అరుదైన హర్ఫ్‌తో ముగిసేవి దాచుకోవాలి. 'పహాడ్' చివర వచ్చే హర్ఫ్‌తో ఉర్దూలో ఏ మాటా మొదలు కాదు. అది వస్తే ఏం చేయాలో ముందే షరతు పెట్టుకోవాలి.

చిట్టీల్లో మన దక్కన్ షాయర్లకు హిస్సా ఉండాలని పట్టుబట్టింది నేనే. 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన కులీ కుతుబ్ షా స్వయంగా షాయర్, దక్కనీలో దీవాన్ ఉన్నవాడు. మఖ్దూమ్ మొహియుద్దీన్ 1908లో మెదక్ వైపు అందోలులో పుట్టాడు. వీళ్ల పేర్లు రాస్తుంటే ఉర్దూ ఎక్కడో ఢిల్లీది, లక్నోది అన్న భయం పోయింది. అది మా పక్క ఊరి జబాన్ కూడా.

అసలు కష్టం షేర్లతో రాలేదు. మా టీమ్‌లో బాగా చదివే అమ్మాయి పాతబస్తీ నుంచి వచ్చేది. "ఆడపిల్ల మైకు ముందా? నక్కో" అన్నారు వాళ్ల వాలిద్. ఇద్దరు సీనియర్ ఆపాలతో కలిసి వాళ్లింటికి వెళ్లాం. మేం బహస్ చేయలేదు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరెవరు వస్తున్నారు, జుహర్ నమాజ్‌కు ఆడపిల్లలకు జాగా ఎక్కడ, మగ్రిబ్ లోపల ఇంటికి ఎలా చేరుస్తాం, అన్నీ కాగితం మీద రాసి చేతికిచ్చాం. ఆయన చాలాసేపు చూసి, "ఖాలా కూడా వస్తుంది" అన్నారు. అదే ఇజాజత్.

ఖాలాను ముందు వరసలో కూర్చోబెట్టాం. రెండో రౌండు నుంచి గమనించాను, అమ్మాయి నోరు తెరవకముందే ఖాలా పెదవులు కదులుతున్నాయి. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదివిందట. పెళ్లయ్యాక ఆ కితాబులు ఎవరూ అడగలేదు. అవతలి వాళ్లు మా మీదకు 'టే' విసిరారు. మా వాళ్లు మొహాలు చూసుకున్నారు. టైము అయిపోతుండగా ఆ అమ్మాయి అందుకుంది, 'టూట్'తో మొదలయ్యే షేర్. డబ్బాలో దాని చిట్టీ ఎక్కడుందో నాకు తెలుసు. హాలంతా "వాహ్వా, ముకర్రర్" అంటుంటే అందరికంటే గట్టిగా దాద్ ఇచ్చింది ఖాలా.

మాకు రెండో ఇనామ్ వచ్చింది. సర్టిఫికెట్ మీద నలుగురి పేర్లున్నాయి. చిట్టీలు రాసినవాడిది, షేర్వానీలు కిరాయికి తెచ్చినవాడిది, చాయ్ ఫ్లాస్కు మోసినవాడిది లేవు. నాకేం రంజ్ లేదు. ఉర్దూ రాదా అని అడిగినవాళ్లకు ఆ తర్వాత నేను జవాబు వెతుక్కోవాల్సిన పని పడలేదు.

అందుకే మీకు నా గుజారిష్. పిల్లలు క్లబ్ అంటే వెంటనే కాదనకండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అని అడగండి. కుదిరితే వెంట వెళ్లండి, ముందు వరసలో కూర్చోండి. స్టేజీ ఎక్కని పిల్లాణ్ణి "నువ్వేం చేశావురా అక్కడ" అని తక్కువ చేయకండి. మా ఇంట్లో ఇప్పుడు రమజాన్ రాత్రులు తరావీహ్ అయ్యాక బైత్‌బాజీ నడుస్తుంది. మా షరతు ఒక్కటే. షేర్ గుర్తు రాకపోతే వేమన పద్యం చదవొచ్చు. అమ్మ ప్రతిసారీ గెలుస్తుంది.