చదువు ఎక్కువైందట!

ఉద్యోగానికి చదువు చాల్లేదంటే సరే, ఇంకాస్త చదువుకుంటాం. ఎక్కువైందంటే ఏం చేయాలి? చదివింది వెనక్కి ఇచ్చేయలేం కదా.

2016లో పంజాబ్ నేషనల్ బ్యాంక్ ప్యూన్ పోస్టులకు పెట్టిన షరతు: ఇంటర్ పాసవ్వాలి, డిగ్రీ మాత్రం ఉండకూడదు. ఒకతను 2014లోనే డిగ్రీ అయిపోయిన సంగతి దాచి ఎంపికయ్యాడు. తర్వాత బయటపడింది. ఒడిశా హైకోర్టు అతని పక్షాన నిలిచింది గానీ, 2020లో సుప్రీంకోర్టు కుదరదంది. షరతు నచ్చకపోతే ముందే సవాలు చేయాల్సింది, నిజం దాచకూడదు అంది.

తీర్పు సబబే అనుకుంటాను. ఇంటర్‌తో ఆగిపోయిన కుర్రాడి చోటు డిగ్రీవాడు తన్నుకుపోతే అతనెక్కడికి పోతాడు? కానీ లేని డిగ్రీ ఉందని బొంకేవాళ్ల దేశంలో, ఉన్న డిగ్రీని దొంగసొత్తులా దాచుకోవాల్సిన గతి చూడండి! ప్యూన్ ఉద్యోగానికీ అంత పోటీ మరి: ఉత్తరప్రదేశ్‌లో 2015లో 368 ప్యూన్ పోస్టులకు 23 లక్షల దరఖాస్తులు. అందులో పీహెచ్‌డీలు రెండు వందల పైచిలుకు.

ప్రైవేటులో చదువు ఎక్కువైందని ఇంత సూటిగా చెప్పరు లెండి. "మీ స్థాయికి ఇది చిన్నదండీ" అని మర్యాదగా సాగనంపుతారు. మంచిది దొరకగానే మానేస్తామని వాళ్ల భయం. తక్కువ చదివినవాళ్లు మానేయట్లేదా ఏంటి?