వెనక సీటు ఖాళీ

గుడివాడ

నాన్నగారూ,

క్షేమంగా చేరాను. గాలి కొట్టే కయాక్ ఇంకా కారు డిక్కీలోనే ఉంది. ముదినేపల్లి, కైకలూరు వైపు ఎటు చూసినా చేపల చెరువులే. కట్ల, శీలావతి మేత కోసం నీటి మీదికి నోళ్లు తెరుస్తుంటాయి. కానీ అదంతా ఎవరిదో పెట్టుబడి. మనం గాలం తీస్తే కాపలా మనిషి కర్ర తీస్తాడు. కొల్లేరు అంచున మాత్రం ఒకాయన తాటి దోనెలో నిలబడి గెడ వేసుకుంటూ పోతున్నాడు. అంత సన్నటి దోనెలో నేనైతే కూర్చోడానికే జంకుతాను.

బందరు

గిలకలదిండి హార్బరులో నా సరంజామా విప్పితే నలుగురూ మూగారు. మామూలు గాలంలో సీసపు గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగులో గుండు ఉండదు. కొక్కేనికి కట్టిన ఈకకి బరువే లేదు. ఉన్న బరువంతా లావుపాటి దారానిదే. దాన్ని వెనక్కి ఎగరేసి, అది గాల్లో పూర్తిగా చాచుకున్నాకే ముందుకు కొట్టాలి. ఒక పెద్దాయన ఈకని వేళ్ల మధ్య తిప్పి చూసి, "దీన్ని చేపేం తింటదండీ, కొంగొచ్చి ఎత్తుకుపోద్ది" అన్నాడు. మధ్యాహ్నం మంగినపూడి ఒడ్డున విసిరి చూశాను. సముద్రపు గాలికి దారం నా చెవి పక్కనుంచే తిరిగొచ్చింది. లడ్డూలు కొన్నానని అమ్మకి చెప్పండి.

నాగాయలంక

అసలు పరీక్ష ఇక్కడే. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ దివిసీమను చుట్టుకుని సముద్రంలో కలుస్తుంది కదా. పైన ప్రకాశం బ్యారేజీ గేట్లు మూస్తే మంచినీటి వరవ తగ్గిపోతుంది, పోటుకి ఉప్పునీళ్లు ఏట్లోకి ఎగదన్నుతాయి. వాటితోపాటే పండుగప్ప వస్తుంది. ఆస్ట్రేలియా వాళ్లు బర్రమండి పేరు పెట్టి, ఈకల గాలంతో పడతామని గొప్పలు పోయేది ఈ చేపనే. చిన్నప్పుడు మగది, పెద్దయ్యాక ఆడదవుతుంది. సొర్లగొంది వైపు మడ అడవుల్లో ఇంకా ఎక్కువట గానీ అది అభయారణ్యం, అనుమతి లేకుండా గాలం వేయకూడదు. అందుకని పిల్లలు కయాకింగ్ నేర్చుకునే రేవుకి దూరంగా ఏట్లోనే దిగాను.

తెడ్డుకి రెండు చేతులు కావాలి, దారానికీ రెండు చేతులే కావాలి. తెడ్డు ఒళ్లో పెట్టుకుని విసరబోయేలోగా పోటు పడవ మొహం తిప్పేస్తుంది. కూర్చుని విసిరితే వెనక్కి వెళ్లిన దారం నీటిని కొట్టి చేపల్ని బెదరగొడుతుంది. నిలబడితే పడవ ఊగుతుంది. ఎలాగో ఈక సరైన చోట పడినా, పడవ దాని వైపే కొట్టుకుపోతుంటే దారం సడలిపోయి, చేప ముట్టినా చేతికి తెలియదు. లంగరు పక్కకి కట్టకూడదు, పడవ ప్రవాహానికి అడ్డం తిరిగి ఒరుగుతుంది. కొసకే కట్టాలి. చిన్నప్పుడు మీరు 1977 నవంబరు ఉప్పెన కథలు చెప్పబట్టో ఏమో, గాలి కాస్త మారితే చాలు, ఒడ్డుకొచ్చేస్తున్నాను.

సాయంత్రం పక్కనే ఒక జంట వలేస్తున్నారు. ఆయన ముందు కొసన నిలబడ్డాడు. విసురు వల మడతలు ఎడమ మోచేతి మీద, ఒక అంచు పళ్ల మధ్య. వెనకున్న ఆవిడ ఆయన నడుము వంపు చూసి గెడ బురదలోకి దింపింది. పడవ నిలబడింది, వల గుండ్రంగా విచ్చుకుంది. ఒక్క మాటా అనుకోలేదు. కొయ్యంగలు పడ్డాయి, నాలుగు రొయ్యలూ. ఆవిడ నన్ను చూసి, "ఒక్కడివే రెండు పనులెందుకు పెట్టుకున్నావయ్యా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ గాజుల చేతిలో గెడ ఉన్నంతసేపూ ఆయనకి పడవ సంగతి పట్టలేదు. నేను విసిరిన ప్రతిసారీ పడవ గురించే ఆలోచించాను.

రేపు వాళ్లబ్బాయి గెడ పట్టుకుని వస్తానన్నాడు. కూలి మాట్లాడుకున్నాం, ఈకని చూసి నవ్వనని కూడా ఒప్పుకున్నాడు. దసరాకి మీరూ రండి. కయాక్‌లో ఇద్దరికి చోటుంది. మోకాళ్ల నొప్పులంటారేమో, వెనక కూర్చుని తెడ్డు పట్టుకుంటే చాలు.

మీ అబ్బాయి