కుట్టనాడులో పెరటి బాతులు

అలెప్పీ అనగానే మనవాళ్లకి హౌస్‌బోటే గుర్తొస్తుంది. ఒక రాత్రి నీళ్ల మీద పడుకుని, కరిమీన్ వేపుడు తిని, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. ఈసారి నేను ఆ జోలికి పోలేదు. జెట్టీలో జలరవాణా శాఖ వాళ్ల మామూలు బోటెక్కాను. బడిపిల్లలూ, సంచులతో బజారు నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లూ నా తోటి ప్రయాణికులు. దారి పొడవునా ఒకటే దృశ్యం. సన్నటి గట్టు మీద ఇల్లు, ఇంటి ముందు కాలువ, వెనక కుంట, కుంటలో బాతులు. ఇదే అసలు కుట్టనాడు.

పంపా, మణిమల, అచ్చన్‌కోవిల్, మీనచిల్ నదులు వేంబనాడ్ సరస్సు వైపు పారే పల్లపు నేల ఇది. సముద్రమట్టం కంటే దిగువన, గట్లు కట్టి నీళ్లు తోడేసి ఇక్కడ వరి పండిస్తారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ఈ సాగుని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వేసవిలో కోతలయ్యాక చేలల్లోకి వేల బాతుల్ని తోలతారు. రాలిన గింజలూ నత్తలూ పురుగులూ వాటికి మేత, వాటి రెట్ట చేనుకి ఎరువు. మన నెల్లూరు, కృష్ణా, గోదావరి పొలాల్లోనూ బాతుల మందలు కనిపిస్తాయి కదా, అలాగే. కానీ నేను చూడాలనుకున్నది మందల్ని కాదు. పెరట్లో పదో పన్నెండో పెంచుకునే ఇంటిని.

బోటు దిగి, ఆటో మాట్లాడుకుని ఎడత్వా వైపు ఓ చిన్న ఊరు చేరాను. నేను దిగిన ఇంటావిడకి అరవై దాటాయి. ఊరంతా ‘చేచ్చి’ అంటారు, అంటే అక్క. నేనూ అలాగే పిలిచాను. విజయవాడలో పదకొండేళ్లు నర్సుగా చేసిందట, తెలుగు గడగడా మాట్లాడేస్తుంది. “ఏమ్మా, అన్నం తిన్నావా?” అని మొదటి మాటే మన మాట!

ఆవిడ పెరటి కుంట మన ఊళ్లో కల్లమంత ఉంటుంది. దాన్లో పన్నెండు బాతులు. నల్లగా ఉండేవి చార, ఎర్రటి గోధుమరంగువి చెంబల్లి. రెండూ ఇక్కడి నాటు జాతులే. తోక మీద ఈక వంకీ తిరిగి ఉంటే మగది. గోలంతా అదే చేస్తోందనుకున్నాను. చేచ్చి నవ్వింది. “దానిది బొంగురు గొంతమ్మా. అరిచేదంతా ఆడదే.”

పొద్దున ఎనిమిదయ్యే దాకా గూటి తలుపు తీయదు. బాతు తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది. తొందరపడి వదిలితే గట్టు మీదో నీళ్లలోనో పెట్టేసి పోతుంది. గూట్లో ఊక పరిచి పొడిగా ఉంచుతుంది. పగలంతా నీళ్లలో ఉండే పక్షే అయినా రాత్రి తడినేల పడదు, కాళ్లు పాడవుతాయి. కుంట లేనివాళ్లు కూడా తలంతా ముంచి కళ్లూ ముక్కూ కడుక్కునేంత లోతు తొట్టైనా పెట్టాలంటుంది. ఇక బూజు పట్టిన మేత, ముఖ్యంగా వేరుశనగ చెక్క, బాతుకి విషమే.

కుట్టనాడు బాతులు సాధారణంగా పొదగవు. అందుకే గుడ్లని పొదిగే కోడి కింద పెడతారు. 28 రోజులకి పిల్లలవుతాయి. అవి నీళ్లలోకి దిగబోతే తల్లికోడి గట్టు మీద గోలపెడుతుందట. తల్లిబాతు లేని పిల్లల ఈకలకి నూనె పట్టి ఉండదు కాబట్టి, మూడు నాలుగు వారాల దాకా చేచ్చి వాటిని కుంటలో దించదు.

ఇదంతా హాయిగా చెబుతున్న మనిషి, “ఇవి పాతవేనా?” అని అడిగేసరికి ఆగిపోయింది.

2024 ఏప్రిల్‌లో ఎడత్వా, చెరుతన పంచాయతీల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలా తేలితే చుట్టూ కిలోమీటరు లోపలున్న బాతులూ కోళ్లూ అన్నిటినీ చంపాలి. రోగం ఉన్నదీ లేనిదీ చూడరు. చేచ్చి ఇల్లు ఆ కిలోమీటరులోనే ఉంది. తెల్లటి రక్షణ దుస్తులేసుకుని మనుషులొచ్చారు. బాతులు ఆవిడ పిలిస్తేనే ఒడ్డుకొస్తాయి.

“నేనే పిలిచానమ్మా. రోజూ మేతకి పిలిచినట్టే పిలిచాను. అన్నీ వచ్చేశాయి.”

రెండు నెలలు దాటిన బాతుకి 200 రూపాయలు, చిన్నదానికి 100, గుడ్డుకి 5 చొప్పున పరిహారం. “గుడ్లు పెట్టే బాతుకి రెండొందలు! ఏడాది పొడుగునా అది నాకిచ్చే గుడ్ల లెక్క ఎవరు వేస్తారు?” అంది. ఆ తర్వాత నెలల తరబడి కుంట ఖాళీ. నీళ్ల మీద నాచు తెట్టెలా కట్టింది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఇంకెందుకమ్మా బాతులు, డబ్బు నేను పంపుతానుగా అన్నాడట.

“వాడి డబ్బు వాడిది. గుడ్ల డబ్బు నాది.”

ఆంక్షలు తీసేశాక మళ్లీ పిల్లల్ని తెచ్చింది. భయం మాత్రం పోలేదు. ఇక్కడ క్రిస్మస్‌కి బాతుకూర ఉండాల్సిందే, కాబట్టి గిరాకీ అంతా డిసెంబరులో. వేంబనాడ్‌కి వలసపక్షులొచ్చేదీ, ఫ్లూ వార్తలు తరచుగా వినిపించేదీ కూడా చలికాలంలోనే. నాలుగు డబ్బులొచ్చే రోజులే నిద్రపట్టని రోజులు.

వంటింటి గోడ మీద బొగ్గుతో రాసిన ఫోన్ నంబరొకటి ఉంది. పశువుల డాక్టరుదట. “ఒక్క బాతు తల వాల్చినా నేనే ఫోన్ చేస్తాను” అంది. చేస్తే మళ్లీ అన్నీ పోవచ్చు కదా అన్నాను. “పోతాయి. దాస్తే ఊరందరివీ పోతాయి. మనుషులకీ అంటొచ్చు. నర్సుగా చేసినదాన్ని, నాకు తెలీదా?” అంటూ తవుడు కలిపిన గిన్నె పట్టుకుని గట్టు మీదికి వెళ్లింది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. విజయవాడ, రాజమండ్రి మీదుగా ధన్‌బాద్-అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒక పూటైనా మామూలు బోటెక్కండి. బాతులున్న పెరట్లోకి మాత్రం అడిగి వెళ్లండి, చెప్పులు బయటే వదలండి. మన చెప్పులకంటిన మట్టితో కూడా ఆ రోగం వెళ్లగలదు. మనకది ఒక పూట సరదా. ఆ ఇంటికి ఏడాది ఆదాయం.