గేరు పెట్టె చెప్పిన సాక్ష్యం

మా ఇంట 1983 నమూనా అంబాసిడర్ కారు ఒకటి ఉండేది. కర్నూలు పాతబస్తీలో పెళ్ళివారికి, ఆసుపత్రికి పోయే వృద్ధులకు, శ్రీశైలం వెళ్ళే యాత్రికులకు అది బాగా ఎరిగిన బండి. అబ్బాజాన్ దానిని నడిపియే మమ్ములను, ఆపాను చదివించారు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి పోలికతో రూపొందిన ఆ కార్ల నిర్మాణం 2014లో నిలిచిపోయింది గనుక, నేటి విద్యార్థి మిత్రులకు ఒక మాట ముందుగా చెప్పవలసి ఉన్నది. ఆ బండిలో గేరు మార్చే కడ్డీ నేలమీద కాక స్టీరింగు ప్రక్కన ఉండేది. గేర్లు నాలుగు. మొదటి గేరుకు, రివర్సుకు సింక్రోమెష్ లేదు. కలియబోయే రెండు చక్రాల వేగాలను ముందుగా సమానం చేసే ఏర్పాటునకు ఆ పేరు. అందులో ముఖ్యమైనది ఒక ఇత్తడి వలయం. అది లేనిచోట తొందరపడితే ఉక్కు పళ్ళు ఒకదానినొకటి కొరుకుతాయి. ఈ సంగతి అబ్బాజాన్ మాకు వందసార్లు చెప్పి ఉంటారు.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు, కారును ఎత్తైన చోటికి చేర్చమని మాకు చెప్పి ఆయన ఇరుగుపొరుగు ముసలివారిని మిద్దె ఎక్కిస్తున్నారు. మేమిద్దరు అన్నదమ్ములము ముందుగా ట్రంకు పెట్టెలు, కుట్టుమిషను పైకి చేర్చి పోదామనుకున్నాము. దిగి వచ్చేసరికి నీరు కారు తలుపులను అందుకున్నది. నీరు తీసిన పిమ్మట చూస్తే సీట్లమీద జానెడు బురద.

ఇంజను ఆయిలు మార్చి, కార్బురేటరు కడిగి, డిస్ట్రిబ్యూటరు ఆరబెట్టగా కొన్ని వారాలకు ఇంజను పలికింది. గేరు మాత్రం పడలేదు. గేరు పెట్టెలోని నూనెను గూర్చి ఎవరికీ తోచలేదు. అబ్బాజాన్ ఇంట లేని ఒక సాయంత్రం మేము, చేసిన తప్పును దిద్దుకుందామనే ఆత్రముతో, ఇంజను నడుస్తుండగా కడ్డీని బలవంతాన నెట్టి చూచాము. మొదటిది పడలేదు. రివర్సు పడలేదు. రెండవదైనా మెత్తగా పడునేమోనని దానినీ నెట్టాము. ఆ కరకర శబ్దము వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. భయపడి ఇంజను ఆపివేశాము. ఎవరికీ చెప్పలేదు.

తరువాత ఒక వర్క్‌షాపువారు వచ్చి చెవి ఒగ్గి విని, పెట్టె మొత్తం పోయిందనీ, మార్చడానికి 18,000 రూపాయలవుతుందనీ తేల్చారు. ఇంట మిగిలిన డబ్బు ఆపా బి.ఎడ్. ప్రవేశానికి దాచినది. ఆ రాత్రి అబ్బాజాన్ కారును పాత ఇనుము వర్తకునికి ఇచ్చివేస్తానన్నారు. "బండికీ వయసైంది, నాకూ వయసైంది. ఈమధ్య నా కాలు క్లచ్చి మీద సరిగా ఆనడం లేదు" అన్నారు. మేము తల వంచుకొని అన్నం తిన్నాము.

ఇచ్చివేసే ముందు ఒక్కసారి చూపిద్దామని నంద్యాల రోడ్డునున్న ఒక వృద్ధ ఉస్తాద్ వద్దకు తాడు కట్టి లాక్కొని వెళ్ళాము. ఆయన పానా ముట్టలేదు. ఇంజను ఆపి ఉండగానే క్లచ్చి నొక్కి కడ్డీని నాలుగు గేర్లకూ, రివర్సుకూ త్రిప్పారు. అన్నీ మెత్తగా పడ్డాయి. అనగా కడ్డీ మొదలు లోపలి ఫోర్కుల వరకు లోపము లేదు. ఆ పిమ్మట ఇంజను నడిపించి, న్యూట్రలులో ఉంచి, క్లచ్చి నొక్కుతూ వదులుతూ చాలాసేపు విన్నారు. పెడలు పైన ఉన్నంతసేపు పెట్టెలో సన్నని రొద ఉంటుంది; నొక్కితే లోనికి పోయే ఇరుసు నిలిచిపోయి ఆ రొద అణగాలి. ఇక్కడ అణగలేదు. బండి క్రింద దూరి పెడలుతోపాటు మీట కదులుతున్నదో లేదో కూడా చూచుకున్నారు. సరిగానే కదులుతున్నది.

"పెట్టె పోలేదు భాయీ," అన్నారు అబ్బాజాన్‌తో, ఉర్దూలో. "క్లచ్చి ప్లేటు నీళ్ళలో నాని తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కున్నది. నీవు పెడలు నొక్కినా అది వదలడం లేదు."

ముందు చక్రాలకు రాళ్ళు అడ్డు పెట్టి, వెనుక చక్రాలను స్టాండ్లమీద పైకెత్తి, నాలుగవ గేరులో ఇంజను నడిపించారు. చక్రాలు గాలిలో తిరిగాయి. వేగము పెంచి, క్లచ్చి పూర్తిగా నొక్కి, ఒక్కసారిగా బ్రేకు వేశారు. రెండు పర్యాయాలు ఇంజను ఆగిపోయింది. మూడవమారు ఠప్పుమని చప్పుడైంది. చక్రాలు నిలిచాయి, ఇంజను మాత్రం ఆగక నడుస్తున్నది. అబ్బాజాన్ బానెట్టు మీద చేయి వేసి అట్లే నిలబడిపోయారు.

మాకు ఆ సంతోషము ఎక్కువసేపు నిలువలేదు. పెట్టెలోని నూనెను పళ్ళెములోకి వంపగా అది ఇరానీ చాయ్ రంగులో దిగింది. నీరు కలిసిన గుర్తు. ఉస్తాద్ అందులో అయస్కాంతము త్రిప్పి తీశారు. చిన్న చిన్న ఉక్కు రజను అంటుకొని వచ్చింది. అయస్కాంతానికి అంటని ఇత్తడి పొడి పళ్ళెములో పసుపు పచ్చగా మిగిలింది.

"గేరు బలవంతాన వేసినదెవరు?" అని అడిగారు.

"నేనే అయి ఉంటాను" అన్నారు అబ్బాజాన్. "చెప్పాను గదా, నా కాలు..."

ఉస్తాద్ ఆ రజను వెలుతురులో పట్టి చూచి, వరద నీటిలో నానినవైతే ఈ ముక్కలు నల్లబడేవి, ఇవి మెరుస్తున్నాయి, వరద తరువాత విరిగినవి అన్నారు. వరద తరువాత అబ్బాజాన్ ఆ బండిని నడుపనేలేదు. ఆ మాట ఆయన అనక ముందే మేము చెప్పివేశాము. ఎత్తుకు చేర్చక ఆలస్యము చేసిన సంగతి మొదలు అన్నీ చెప్పాము.

అబ్బాజాన్ మావైపు కొంతసేపు చూచి, కిరోసిను డబ్బా మా చేతికిచ్చి, పళ్ళెము కడగమన్నారు.

పెట్టె విప్పనక్కరలేదని ఉస్తాద్ అభిప్రాయము. రివర్సు పళ్ళలో ఒకదాని అంచు ఊడి ఉంటుందనీ, దానితోనే నడుస్తుందనీ, బేరింగులకు తుప్పు చుక్క పడి ఉంటే రొద పెరిగినప్పుడు చూతమనీ అన్నారు. కొత్త నూనె పోసి, కొద్ది దూరము నడిపి, దానినీ వంపి, మరల నింపారు. అంతా కలిపి 1,100 రూపాయలైంది. ఆపా ఆ సంవత్సరమే బి.ఎడ్.లో చేరింది.

ఆ బండి 2015 వరకు నడిచింది. వెనుకకు తీసేటప్పుడు మాత్రము పెట్టెలోనుంచి టక్, టక్‌మని ఒక చప్పుడు వచ్చేది. మేము వాకిట ఉంటే అబ్బాజాన్ అద్దములోనుంచి మావైపు ఒకమారు చూచేవారు. ఏమీ అనేవారు కారు.