దాపటెద్దు

మన కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో దిగేవాళ్ళలో అందరికన్నా పొట్టివాణ్ణి నేనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. బుట్ట నేలకు 3.05 మీటర్ల ఎత్తున వుంటుంది. అక్కడ పొడుగువాళ్ళకు పని. బంతిని అక్కడిదాకా క్షేమంగా చేర్చడం మాలాంటివాళ్ళ పని. చప్పట్లు మాత్రం బుట్టలో వేసినవాడికే!

మాది కాళేశ్వరం. ఆ పేరు వినగానే హాస్టల్లో అందరూ ప్రాజెక్టు గురించే అడుగుతారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినప్పటినుంచి మరీను. ప్రాణహిత గోదావరిలో కలిసేది అక్కడేనని, గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయని తెలిసినవాళ్ళు తక్కువ. ఇక మావైపు ఆటలంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. డిగ్రీలో చేరిన తర్వాతే నేను ఈ బంతిని ముట్టుకున్నాను.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు ఈ ఆటకు 13 నియమాలు రాశాడు. వాటిలో బంతిని నేలకు కొడుతూ పరుగెత్తడం అనేదే లేదు. పట్టుకున్నవాడు పట్టుకున్న చోటునుంచే విసరాలి. డ్రిబ్లింగ్ తర్వాత ఆటగాళ్ళు పుట్టించుకున్న ఉపాయం. ఎవరో పొట్టివాడే కనిపెట్టి వుంటాడని నా అనుమానం.

బంతిని కొట్టడం, తోయడం ఒకటి కాదు. అరచేత్తో చరిస్తే చప్పుడే తప్ప అదుపు వుండదు. వేళ్ళు విప్పి, వేళ్ళ కొసలతో కిందికి తోయాలి. ఇందులో మన ఫిజిక్సు కూడా వుంది. 1.8 మీటర్ల ఎత్తునుంచి వదిలిన బంతి మీటరుకు కొంచెం పైన మాత్రమే లేస్తుంది. అంటే ఒక్క దెబ్బకు శక్తిలో నూటికి సుమారు నలభై పాళ్ళు పోతుంది. ఆ లోటును ప్రతిసారీ వేళ్ళే పూడ్చాలి. బంతి ఎంత ఎత్తు లేస్తే అంతసేపు చేతికి దూరం, ఎదుటివాడికి దగ్గర. అందుకే మోకాళ్ళు వంచి, నడుము కన్నా కింద ఆడించాలి. చూపు బంతి మీద కాదు, ముందున్న మనుషుల మీద వుండాలి.

ఇవన్నీ కుడిచేత్తో వచ్చాయి. ఎడమచేయి మాత్రం మాట వినదు.

సెలవుల్లో ఇంటికి పోతే పత్తి ఏరుడు. అవ్వ రెండు చేతులా ఏరుతుంది. చేతులు ఈ చెట్టు మీద వుండగానే కళ్ళు పక్క చెట్టుకు పోతాయి. నేను కుడిచేత్తో ఏరి, ఎడమచేత్తో సంచి పట్టుకునేవాణ్ణి. ఆమెను చూసి మార్చాను. ఎండిన కాయల మొనలు గుచ్చుకుని ఎడమచేతి వేళ్ళు మండాయి.

సాయంత్రం సిమెంటు కల్లం మీద వడ్లు ఆరబోయగా మిగిలిన జాగాలో ఎడమచేత్తో బంతి ఆడించేవాణ్ణి. బంతి వడ్లలోకి పోతే అవ్వ తిట్లు. ఒకనాడు బాపు వచ్చి నిలబడ్డాడు.

“ఎడమ చెయ్యితోనే ఎందుకు రా?”

“కుడిదిక్కే పోతనని అందరికి ఎర్కయింది బాపూ. అటే అడ్డం వస్తున్నరు.”

బాపు కాసేపు చూశాడు. “వలపట అలవాటైన ఎద్దును దాపట కడితే ముందుగాల నడువది. ఒక్కనాడు కట్టి ఇడిసిపెడితే ఎప్పటికి నడువది. రోజు కట్టాలె.”

ఇప్పుడు మాకు ఎద్దుల్లేవు. ట్రాక్టరు కిరాయికి తెస్తాం. అయినా ఆ మాట మా కోచింగు పుస్తకంలో దొరకలేదు.

కాలేజీ జట్టు సెలక్షన్లు, పత్తి రెండో ఏరుడు ఒకేసారి వచ్చాయి. నేను రాకపోతే కూలీని పెట్టాలి. ఆ ఏడు మాకు అది చిన్న ఖర్చు కాదు. బాపు రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడోనాడు ఫోన్‌లో, “కూలోళ్ళను పెట్టిన, నువ్వు ఆడుకో” అన్నాడు.

పన్నెండు మందిలో పన్నెండోవాణ్ణయ్యాను. ఒక మ్యాచిలో నాలుగు నిమిషాలు దింపారు. బంతి అందుకున్నాక ఎనిమిది సెకన్లలో సగం కోర్టు దాటాలి. నా ముందున్నవాడు కుడివైపే కాచాడు. ఎడమచేతికి మార్చి, వంగి, అతని పక్కనుంచి దాటాను. పైన నిలబడ్డ మా పొడుగాయనకు అందించాను. అతను వేసిన బంతి రింగుకు తగిలి బయటికి పోయింది.

ఆ రాత్రి ఫోన్ చేస్తే బాపు పత్తి ఎంత వెళ్ళిందో, కూలి ఎంతయిందో చెప్పాడు. ఆట సంగతి ఆయన అడగలేదు, నేనే చెప్పాను.