కుచ్చెళ్ల కథ

మా హిమాయత్‌నగర్ నుంచి బషీర్‌బాగ్ మీదుగా వెళితే రవీంద్రభారతి ఎంతో దూరం లేదు. 1961లో ప్రారంభమైన ఆ రంగశాలలో కూచిపూడి నాట్యం చూస్తే నా కళ్లు ముందుగా విసనకర్ర కుచ్చెళ్ల మీదికే పోతాయి. అరమండిలో విచ్చుకుంటాయి, లేస్తే ముడుచుకుంటాయి.

పూర్వపు భాగవతులు పురుషులే. సత్యభామ వేషానికి నిండు చీర కట్టేవారు. కుట్టిన ఆహార్యం తరువాతి మాట. 1832లో పారిస్‌లో మారీ టాగ్లియోనీ ధరించిన తెల్లని గౌను మోకాళ్లు దిగి ఉండేది. పాదాల పనితనం కనబడాలని అదే పోనుపోను కురచదై ‘టుటు’ అయింది. అక్కడ కత్తెర చేసిన పని ఇక్కడ కుచ్చెళ్లు చేశాయి.

“ఇంత ఖర్చుపెట్టి కుట్టించాలా మాస్టారూ?” అని మా వీధి తల్లులు అడుగుతుంటారు. ముందు చీర బిగించి నేర్పించండమ్మా, అడుగు కుదిరాక కుచ్చెళ్ల మాట చూద్దాం అంటాను.